తలుపు మీద నాలుగు డిగ్రీలు

మందుల స్టోరు ఎదుటి లాడ్జి,
రెండో అంతస్తు, బుధవారం

మామయ్యకి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఇక్కడ కుశలం సగమే. మంచం ఒక పక్కకి వాలి ఉంది, గోడకి అతుక్కుని పడుకుంటున్నాను. ఫోన్ చేయొచ్చుగా అంటావేమో. ఫోన్లో నేను చెప్పేదాంట్లో సగం నీకు వినపడదు, మిగతా సగం అత్తయ్య లాక్కుని వింటుంది. కాబట్టి ఉత్తరమే. తప్పులుంటే ఎప్పటిలాగే పెన్సిల్‌తో దిద్ది తిరిగి పంపు.

నన్ను ఎక్కడికి పంపారో చెబితే నవ్వుతావు. నువ్వు పదకొండేళ్ళు డ్రగ్ ఇన్‌స్పెక్టరుగా నెలనెలా తనిఖీకి వచ్చిన ప్రభుత్వ మందుల స్టోరుకే పంపారు. కాన్పయ్యాక రక్తం ఆగడానికి ఇచ్చే ఇంజెక్షన్లు పోయిన ఎండాకాలం ఇక్కణ్ణుంచి మూడు ఆసుపత్రులకి వెళ్ళాయి. వెళ్ళినవి పనిచేయలేదు. ఇద్దరు తల్లులు దక్కలేదు. అందుకని శాసనసభ కమిటీవాళ్ళు మా ఆడిట్ ఆఫీసుని పిలిచి, మందుల్ని తనిఖీ చేయాల్సిన శాఖ అసలు తనిఖీ చేస్తోందో లేదో చూసి చెప్పమన్నారు. అంటే మందుల్ని చూడటం మీ శాఖ పని, మీరు చూశారో లేదో చూడటం మా పని. చిన్నప్పుడు నా లెక్కల పుస్తకం దిద్దినందుకు ఇన్నాళ్ళకి నాకు అవకాశం వచ్చింది.

కంగారుపడకు. పాత ఇన్‌స్పెక్టరు మా మేనమామ అని మా ఆఫీసరు గారికి మొదటిరోజే చెప్పేశాను. "ఆయన రిటైరై నాలుగేళ్ళయిందిగా. మనం చూసేది పోయిన మూడేళ్ళే. నువ్వుండొచ్చు" అన్నారు.

ఇక్కడ నీ పేరెత్తేవాళ్ళే లేరు, అందరికీ నువ్వు 'పెద్దాయన'వే. మంచినీళ్ళు కూడా ఇంటినుంచే తెచ్చుకునేవాడివనీ, నిప్పులాంటి మనిషివనీ ప్యూను దగ్గర్నుంచి అందరూ చెబుతున్నారు. కొత్త ఇన్‌స్పెక్టర్లకి ఇప్పటికీ నువ్వు రాసిన నోట్సే పాఠం. అందులో ఏడో సూచన మీద వీళ్ళకి మహా భక్తి. 'కోల్డ్ రూమ్ తలుపు తీయవద్దు. తీస్తే చల్లదనం పోయి మందులు పాడవుతాయి. తలుపు మీది మీటరు చూసి డిగ్రీలు రాసుకోవాలి.' దానికి 'పెద్దాయన పద్ధతి' అని పేరు పెట్టారు. వింటుంటే గర్వంగా అనిపించింది, నిజం.

అయినా ఎందుకో నాకు స్థిమితంగా లేదు. ఆ మందు రెండుకీ ఎనిమిదికీ మధ్య డిగ్రీల్లో ఉండాలట. పోయిన ఎండాకాలం రిపోర్టులన్నిటిలో 4 డిగ్రీలు అని ఉంది. గది నాలుగులో ఉంటే మందెలా పాడైంది మామయ్యా? నీకేమైనా తడుతుందా?

పేచీ


ఇల్లు, కిటికీ పక్క కుర్చీ,
ఆదివారం

చిరంజీవి పేచీకి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరంలో తప్పులు మూడే. మెరుగుపడ్డావు. దిద్ది ఇందులోనే పెట్టాను.

ఐదేళ్ళప్పుడు పాలగ్లాసు నిండలేదని స్కేలు తెచ్చి కొలిచి పేచీ పెట్టినదానివి. నిన్ను ఆడిట్‌లో వేసుకున్నవాడెవడో మనుషుల్ని చదివినవాడు.

నీ ప్రశ్నకి జవాబు తేలిక. స్టోరు ఒక మెట్టు మాత్రమే. అక్కణ్ణుంచి మందు వ్యానులో వెళుతుంది. డ్రైవరు భోజనానికని బండి ఎండలో ఆపితే గంటలో అయిపోతుంది కథ. ఆ తర్వాత ఆసుపత్రి ఫ్రిజ్. అందులో నర్సుల టిఫిను డబ్బాలుంటాయి, మందు బయటుంటుంది. ముందు అవి చూడు. స్టోరు గోడలు ఎంత తవ్వినా నీకు దుమ్ము తప్ప ఏం రాదు.

ఆ స్టోరు ఫార్మసిస్టు ఇంకా ఉందా? పనిమంతురాలే, కాదనను. కానీ ప్రతిదానికీ కాగితం పెట్టే మనిషి. చెవిలో జోరీగ. ఆవిడ చెప్పేదంతా నెత్తికెత్తుకోకు.

పెద్దాయన పద్ధతి అంటున్నారా! నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. "స్టోరు తలుపు తీయనివ్వరు గానీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు గంటకోసారి తీస్తారు" అంది. ఈ ఇంట్లో నాకు దక్కే గౌరవం ఇది.

లాడ్జి మంచం కాలి కింద మడిచిన అట్టముక్క పెట్టు. సరిపోతుంది.

మామయ్య


స్టోరు ఆఫీసు గది, ఫైళ్ళ మధ్య,
శుక్రవారం

మామయ్యకి,

అట్టముక్క పెట్టాను. మంచం నిలబడింది, నా మనసే నిలబడటం లేదు. మూడు వారాలుగా ముళ్ళ మీద కూర్చున్నట్టుంది.

నువ్వు చెప్పినట్టే ముందు వ్యాన్లు చూశాం, ఆసుపత్రి ఫ్రిజ్‌లు చూశాం. అక్కడా లోపాలున్నాయి, రాసుకున్నాం. కానీ మూడు వారాల కిందట మంగళవారం కోల్డ్ రూమ్ ముందు నిలబడి, ఊరికే ఉండలేక మీటరు అద్దం మీద వేలితో కొట్టాను. ముల్లు కదల్లేదు. అప్పుడు తలుపు తీయించి, మందులు ఐసు పెట్టెల్లోకి మార్పించాను. ఇరవై నిమిషాలు తెరిచే ఉంచాం. గదిలోంచి చల్లగాలంతా వచ్చి నా కాళ్ళ మీద పడుతోంది, ముల్లు మాత్రం నాలుగు మీదే ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు విప్పాడు. వెనక నుంచి తీగ గోడ ఎక్కి అటక మీదికి వెళ్ళి, అక్కడితో ఆగిపోయింది. దేనికీ కలిపి లేదు. ముల్లు తుప్పుపట్టి నాలుగు దగ్గర అతుక్కుపోయింది. "ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అని అడిగాను. "నేను చేరి తొమ్మిదేళ్ళు మేడమ్. అప్పటికే ఇంతే" అన్నాడు.

తీగ లాగితే డొంకంతా కదిలింది. కమిటీవాళ్ళు మూడేళ్ళు చాలవు, పదిహేనేళ్ళ రిపోర్టులు చూడమన్నారు. నీవి నూట ముప్పై రెండు. అన్నిటిలోనూ 4. గాలివానకి ఊరంతా మూడు రోజులు కరెంటు లేని నెలలో కూడా 4.

ఇక అసలు సంగతి. మీ శాఖవాళ్ళు మీటరు ఊసెత్తకుండా ఫార్మసిస్టుని సస్పెండ్ చేశారు. 'పెద్దాయన కాలంలో ఏ లోపమూ లేదు, ఆయన వెళ్ళాకే ఈవిడ అశ్రద్ధ చేసింది' అని చార్జిషీటులో రాశారు. ఆవిడ ఎనిమిదేళ్ళుగా గది లోపల తన సొంత థర్మామీటరు పెట్టి, రోజూ ఒక నోటుబుక్కులో రాసుకుంది. ఎండాకాలంలో పది, పదకొండు, పదమూడు. జనరేటరు ఇమ్మని ఆరుసార్లు శాఖకి రాసింది. ఆరుసార్లూ ఒకటే జవాబు: 'తనిఖీ నివేదికలో 4 డిగ్రీలుగా నమోదైనందున మీ విన్నపం పరిశీలించనవసరం లేదు.' ఇప్పుడా నోటుబుక్కు కూడా దొంగదేనట, తప్పించుకోడానికి మొన్న కూర్చుని రాసిందేనట. పుస్తకం నిజమని తేలకపోతే ఆవిడ ఉద్యోగం పోతుంది, ఇద్దరు తల్లుల చావుకి కేసు ఆవిడ మీద పడుతుంది.

"ఇది అప్పట్లో ఎవరికైనా చూపించారా?" అని అడిగాను. "పెద్దాయనకి చూపించాను" అంది. నేను నీ మేనకోడల్నని ఆవిడకి తెలుసు.

అందుకే రెండే ప్రశ్నలు. నువ్వెప్పుడైనా ఆ గది లోపలికి వెళ్ళావా? ఆ నోటుబుక్కు చూశావా?

పేచీ


ఇల్లు,
మంగళవారం

పేచీకి,

రెండో ప్రశ్నకి జవాబు: చూడలేదు.

మొదటి ప్రశ్న అడగడానికి నీకు చెయ్యెలా వచ్చిందో నాకు తెలియదు. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఒక్కడంటే ఒక్కడు నా వైపు వేలు చూపించలేదు. బిస్కట్టు ముక్క ముట్టుకోలేదు. కంపెనీవాళ్ళు పంపిన డైరీలు తిరుగు పోస్టులో పంపినవాణ్ణి. నీకు కూడికలు, తీసివేతలు నేర్పినవాణ్ణి. నువ్వు నా కాగితాలు లెక్కపెడుతున్నావు. పెట్టుకో.

మీటరు తీగ ఎక్కడికి పోయిందో చూసుకోవాల్సింది స్టోరువాళ్ళు. ఇన్‌స్పెక్టరు ఎలక్ట్రీషియన్ కాడు. పదిహేనేళ్ళ కిందటి కాగితాలు తవ్వమన్న ఆ కమిటీవాళ్ళకి వేరే పనేం లేనట్టుంది.

మళ్ళీ ఈ విషయం నాకు రాయకు. నీ ఉత్తరంలో తప్పులు చూడలేదు.

ఎండలు ముదురుతున్నాయి. మంచినీళ్ళు తాగుతూ ఉండు.

మామయ్య

(కవరులో మడిచి పెట్టిన చీటీ)

అమ్మాయ్, అత్తయ్యని. కవరు నేనే అంటిస్తానని తీసుకుని ఇది లోపల పెడుతున్నాను. నీ ఉత్తరం వచ్చినప్పట్నుంచి మీ మామయ్య మనిషి మనిషిలా లేరు. వాకిట్లో నడుస్తారు, కూర్చుంటారు, మళ్ళీ నడుస్తారు. తిండి సరిగ్గా తినడం లేదు. నువ్వేం అడిగావో నాకు చెప్పరు. నాకు తెలిసింది ఒకటే, నీకు పనికొస్తుందో లేదో. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఏ గది గడియా వేసుకోలేదు. బాత్రూమ్‌ది కూడా. లోపలున్నారని మనకి తెలియడానికే అంత గట్టిగా పాడతారు. మీరంతా ఆయనకి పాటలంటే ప్రాణం అనుకుంటారు. నేనూ పెళ్ళయిన కొత్తలో అలాగే అనుకున్నాను. లిఫ్టు ఎక్కరు, నాలుగంతస్తులైనా నడిచే వస్తారు. ఎందుకని అడిగితే వ్యాయామం అంటారు. నువ్వు ఆడిట్ చేసేదానివి కదా, ఇది నీకు తెలిసి ఉండాలనిపించింది.


లాడ్జి, అదే గది,
సోమవారం

మామయ్యకి,

రాయకన్నావు. రాస్తున్నాను. పేచీ అని పేరు పెట్టింది నువ్వే.

ఇరవై రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చించేస్తున్నాను. స్టోరు వరండాలో నడుస్తున్నాను, లాడ్జి మెట్లు దిగి ఎక్కుతున్నాను. మన ఇంటి రోగమే నాకూ పట్టింది. నీ రిపోర్టులు కూడా ఆడిట్‌లోకి వచ్చాయి కాబట్టి ఈ ఫైలు నేను చూడకూడదని మా ఆఫీసరు గారికి చెప్పాను. ఆయన దాన్ని వేరేవాళ్ళకి ఇచ్చారు. నేనిప్పుడు వ్యాన్ల లెక్కలు మాత్రమే చూస్తున్నాను. అంటే ఇది నీకు రాయడం కూడా తప్పే. తెలిసే రాస్తున్నాను.

ఫైలు అప్పగించే ముందు నోటుబుక్కు మొత్తం చదివాను. ఆరేళ్ళ కిందటి ఎండాకాలంలో ఒక వారం ఉంది. పది, పదకొండు, పన్నెండు, పదమూడు, పన్నెండు, పదకొండు, పదకొండు. కింద ఆవిడ సరాసరి 11 అని వేసింది. దాని మీద ఎవరో పెన్సిల్‌తో గీత కొట్టి 11.4 అని దిద్దారు. ఆ నాలుగు నెత్తి మూసి ఉంది, తోక కిందికి వంకర తిరిగి ఉంది. నూట ముప్పై రెండు రిపోర్టుల్లో ఆ నాలుగే చూశాను మామయ్యా. చిన్నప్పుడు నా పుస్తకాల్లోనూ ఆ నాలుగే చూశాను. ప్రపంచంలో ఎవరి లెక్క తప్పినా దిద్దకుండా ఉండలేనివాడివి నువ్వొక్కడివే. అదే రోజు తేదీతో ఉన్న నీ రిపోర్టు తీసి చూశాను. 4 డిగ్రీలు.

ఫైలు తీసుకున్నవాళ్ళకి నీ చేతిరాత తెలియదు. నాకు తెలుసని ఎవరికీ తెలియదు. పుస్తకం బీరువాలో ఉంది.

ఫార్మసిస్టు రోజూ పదింటికి వచ్చి, హాజరు సంతకం పెట్టి, వరండా బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుంటుంది. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళు అలా కూర్చోవాలట. నిన్నటిదాకా ఆవిణ్ణి అమ్మా అని పిలిచిన ప్యూను ఇప్పుడు ఆవిడ పక్కనుంచే టీ పట్టుకెళతాడు, అడగడు. నేను తెచ్చిస్తే "వద్దమ్మా, మీకు మాటొస్తుంది" అంది.

నువ్వు లోపలికెందుకు వెళ్ళలేదో నాకు కొంచెం తెలుసు. ఎలా తెలిసిందో అడగకు. దానికి నాకు కోపం లేదు. కానీ చూడలేదని నాకు అబద్ధం రాశావు. నాకు!

కమిటీ వచ్చే నెల పద్దెనిమిదిన కూర్చుంటుంది. పదిహేను వరకు ఆగుతాను. ఈలోగా నువ్వే చెప్పు. చెప్పకపోతే పదహారున నేనే వెళ్ళి ఆ నాలుగు ఎవరిదో చెబుతాను. నిన్ను బెదిరిస్తున్నాను అనుకుంటావేమో. బతిమాలుతున్నాను.

పేచీ


ఇల్లు,
మూడో తేదీ

పేచీకి,

ఇందులో రెండు కాగితాలున్నాయి. ఒకటి మీ ఆఫీసరు గారికి. దాని నకలు ముందు చదువు.

'అయ్యా, నేను ఈ స్టోరుకి పదకొండు సంవత్సరాలు డ్రగ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. ఆ కాలంలో ఒక్కసారి కూడా కోల్డ్ రూమ్ లోపలికి వెళ్ళలేదు. నా నివేదికల్లోని 4 డిగ్రీలు తలుపు మీది మీటరు చూసి రాసినవి. ఆ మీటరు పనిచేస్తోందో లేదో పరీక్షించలేదు. ఫార్మసిస్టు గారి నోటుబుక్కు ఆరేళ్ళ కిందట నేను స్వయంగా చూశాను. అందులో పెన్సిల్‌తో దిద్దిన 11.4 నా చేతిరాత. పుస్తకం నిజమైనది. ఆమె చెప్పినది నిజం. శిక్షణ నోట్సులోని ఏడో సూచన నేను నా సౌకర్యం కోసం రాసినది, మందుల క్షేమం కోసం కాదు. దానిని వెంటనే రద్దు చేయవలసినదిగా కోరుతున్నాను. కమిటీ పిలిస్తే హాజరవుతాను.'

ఇది రాయడానికి నాకు ఆరు కాగితాలు పట్టాయి. ఇందులో ఒక్క అక్షరదోషమూ లేదు, చూశావా.

ఇక నీకు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఇరవై మూడేళ్ళవాణ్ణి. ఒక మందుల గోడౌనులో కోల్డ్ రూమ్ చూస్తున్నాను. లోపల ఎవరూ లేరనుకుని వాచ్‌మన్ బయట గడియ పెట్టి, లైటార్పి, భోజనానికి పోయాడు. గంటన్నర. ఆ తలుపు జానెడు మందం, ఎంత అరిచినా బయటికి వినపడదు. అరిచి అరిచి గొంతు పోయింది. ఏది గోడో ఏది తలుపో తెలియలేదు. చచ్చిపోతాననే అనుకున్నాను. తలుపు తీశాక వాడు "ఇన్‌స్పెక్టరు గారు చల్లగా ఉన్నారు" అని నవ్వాడు. అప్పటికే నా ప్యాంటు తడిసిపోయి ఉంది. వాడు చూశాడు. అందుకే ఎవరికీ చెప్పలేదు, మీ అత్తయ్యకి కూడా. ఈ ఉత్తరం రాయడానికి ముందు చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "పోనీలెండి, మీరు పాడేది భయంతోనని నాకెప్పుడో తెలుసు, శ్రుతి అంతలా ఎవరికి తప్పుతుంది" అంది.

ఈ స్టోరుకి వచ్చిన మొదటిరోజు తలుపు తీసి "రండి సార్" అన్నారు. నా కాళ్ళు కదల్లేదు. ఏదో ఒకటి అనాలి కదా. "వద్దు, తీస్తే చల్లదనం పోతుంది" అన్నాను. "ఎంత జాగ్రత్త సార్ మీకు" అన్నాడు ప్యూను. ఎవరైనా తిట్టి ఉంటే నా గతి వేరుగా ఉండేదేమో. మెచ్చుకున్నారు. మా పై అధికారి అది విని నోట్సులో పెట్టమన్నాడు. పెట్టాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎవరూ నన్ను లోపలికి రమ్మని అడగలేదు. హాయిగా ఉంది. ఆ హాయి నాకు పదకొండేళ్ళు సాగింది.

ఆరేళ్ళ కిందట ఆవిడ ఆ పుస్తకం పట్టుకొచ్చింది. "సార్, వారం రోజులుగా కరెంటు సరిగ్గా లేదు, లోపల పదకొండుంది, ఒక్కసారి వచ్చి చూడండి" అంది. చేతికి తీసుకున్నాను. సరాసరి తప్పుగా కనిపించింది, నా చెయ్యి దానంతటదే పోయింది. పుస్తకం తిరిగిచ్చి, "నాకు మీ మీద నమ్మకం ఉందమ్మా" అన్నాను. బల్ల దగ్గరికి వచ్చి 4 అని రాశాను. ఇన్‌స్పెక్టరు స్వయంగా చూసిన అంకే రాయాలని రూలు. పదకొండు రాయాలంటే లోపలికి వెళ్ళాలి. నేను స్వయంగా చూసింది తలుపు మీది అంకే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. తిరుగు బస్సులో కూడా అదే చెప్పుకుంటూ వచ్చాను.

నీకు అబద్ధం రాసినందుకు సిగ్గుపడుతున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎలా ఉంటుందో నా పోయిన ఉత్తరం చూస్తే తెలుస్తుంది. దాన్ని చించెయ్యకు, ఉంచు.

మామయ్య


మా ఆఫీసు, మూడో అంతస్తు,
పద్నాలుగో తేదీ

మామయ్యకి,

నీ కాగితం అందగానే మా ఆఫీసరు గారికి ఇచ్చాను. ఇస్తూ నా సంగతీ చెప్పేశాను, ఆ చేతిరాత నాకు నెలరోజులుగా తెలుసనీ, చెప్పకుండా నీకు ఉత్తరాలు రాశాననీ. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మరి నువ్వేం తనిఖీ చేస్తున్నట్టమ్మా?" అన్నారు. మెమో ఇచ్చారు. న్యాయమే. చూసినదాన్ని చూడనట్టు ఊరుకున్నాను, నువ్వు చేసిందీ అదే. నా నెలరోజుల్లో ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు, అది నా అదృష్టం, నా గొప్ప కాదు.

మన ఉత్తరాలన్నీ అడిగారు, నా దగ్గరున్న నీవి ఇచ్చాను. వాటితో అత్తయ్య నీకు తెలియకుండా పెట్టిన చీటీ కూడా. బాత్రూమ్ గడియ సంగతి ఇప్పుడు ప్రభుత్వ రికార్డు, పేజీ నంబరు 212. అత్తయ్యకి మాత్రం చెప్పకు.

నీకు తెలియాల్సింది ఇంకొకటుంది. ఎలా రాయాలో తెలియక ఇందాకట్నుంచి వేరే సంగతులు రాస్తున్నాను. ఏడో సూచన రద్దు చేశారు. వెంటనే పద్నాలుగు స్టోర్లలో తలుపులు తీయించి, లోపల థర్మామీటర్లు పెట్టించారు. ఎనిమిది బాగానే ఉన్నాయి. ఆరు బాగాలేవు. ఒకదాంట్లో పదహారు డిగ్రీలు. తలుపు మీద మాత్రం ఐదు. మీ శాఖ శిక్షణలో నీ నోట్సు చదువుకున్న కుర్ర ఇన్‌స్పెక్టరు ఒకతను నెలనెలా వెళ్ళి ఆ ఐదు రాసుకొస్తున్నాడు. "పెద్దాయనంతటివారే తీయలేదు, నేను తీస్తే తప్పవుతుందనుకున్నాను" అన్నాడట. ఆ ఆరు స్టోర్ల మందులు ఎవరెవరికి వెళ్ళాయో ఇప్పుడు వెతుకుతున్నారు. ఆ లెక్క ఎప్పటికీ పూర్తిగా తేలదు.

ఇది నీకు రాయకుండా ఉందామనుకున్నాను. ఇప్పటికే నలిగిపోయి ఉంటావని తెలుసు. కానీ మన ఇద్దరి మధ్యా దాచుకోవడం చాలనిపించింది. నీ మీద కోపం పోలేదు, పోతుందని అబద్ధం చెప్పను. నీ కాగితం చదివి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, అది కూడా నిజమే.

పద్దెనిమిదిన పదకొండింటికి కమిటీ. హాలు నాలుగో అంతస్తులో ఉంది. తలుపులు మూసే కూర్చుంటారు. కిటికీ పక్క కుర్చీ ఇమ్మని చెప్పి ఉంచాను.

పేచీ


ఇల్లు,
ఇరవై మూడో తేదీ

చిరంజీవి పేచీకి మామయ్య దీవెనలు.

కిటికీ పక్క కుర్చీ ఇచ్చారు. ఆ పుణ్యం నీదే. అయినా చెమటలు పట్టాయి.

తొమ్మిది మంది ఉన్నారు. మీరెందుకు లోపలికి వెళ్ళలేదని అడిగారు. భయం అన్నాను. దేనికి భయం, కంపెనీలు బెదిరించాయా అని అడిగారు. లేదు, గదికే భయం అన్నాను. ఒకాయన నవ్వాడు. పక్కనున్నావిడ ఆయన్ని చూసింది, ఆపేశాడు. అధ్యక్షుడు నెమ్మదిగా, "భయం ఉండటం తప్పు కాదండీ, దానికి రూలని పేరెందుకు పెట్టారు?" అన్నాడు. ఆ ప్రశ్ననే నా తప్పుగా రాసుకోమన్నాను. నన్నేం చేస్తారో ఇంకా తేల్చలేదు. ఏం చేసినా ఒప్పుకుంటాను, ఆ ఆరు స్టోర్ల సంగతి తెలిశాక నాకు వేరే మాట లేదు. ఇద్దరు తల్లుల పేర్లు అక్కడ చదివారు. ఇన్నాళ్ళూ నేను ఆ పేర్లు ఎవరినీ అడగలేదు.

ఫార్మసిస్టు సస్పెన్షన్ ఎత్తేశారు. అది నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నిన్న స్టోరుకి వెళ్ళాను. ఎవరూ వెళ్ళమనలేదు, మీ అత్తయ్య వద్దనే అంది. వరండా బెంచీ ఖాళీగా ఉంది. ఆవిడ లోపల బల్ల దగ్గర నిలబడి పెట్టెలు లెక్కపెడుతోంది. నన్ను చూసి లెక్క ఆపలేదు. అయ్యేదాకా నిలబడ్డాను.

క్షమించమని అడిగాను. "నా మీద నమ్మకం ఉందన్నారు సార్. నమ్మి ఉంటే నా పుస్తకంలోని అంకె మీ రిపోర్టులో రాసేవారు" అంది. నిజమే అన్నాను. ఆరు ఉత్తరాలకి ఆరుసార్లూ వాళ్ళు చూపించింది నా సంతకమేనని చెప్పింది. అదీ నిజమే అన్నాను. వెళ్ళొస్తానమ్మా అని తిరిగాను.

గుమ్మం దాటాక వెనక నుంచి పిలిచింది. ఆవిడ మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"భయమని నాతో ఒక్క ముక్క చెప్పాల్సింది సార్. మీరు లోపలున్నంతసేపూ నేను తలుపు పట్టుకుని నిలబడేదాన్ని."

పదకొండేళ్ళలో నాకది తట్టలేదు పేచీ. బస్టాండు దాకా నడుస్తూ ఏడ్చాను. చూసేవాళ్ళు చూశారు.

మామయ్య